ఒప్పుకోలు ఎవరికి కావాలి?

చేతబడి అనుమానంతో ఫలానా ఊళ్లో ఫలానా మనిషిని చంపారన్న వార్త తెలంగాణ పత్రికల జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటుంది. చంపడానికి ముందు ఏం జరిగిందన్నది మాత్రం అందులో ఒక్క ముక్కలో తేలిపోతుంది: పంచాయితీ పెట్టారు, నిలదీశారు, చెట్టుకు కట్టేసి కొట్టారు. ఆ ముక్క వెనక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగిన విచారణ ఉంటుంది. ఎదుటి మనిషి నోటి నుంచి "నేనే చేసిన" అనిపించడమే దాని లక్ష్యం.

అనుమానం అప్పటికే నిశ్చయమైపోయినవాళ్లకు ఒప్పుకోలుతో పనేమిటి? ఏ పాపమూ ఎరుగని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? ఈ రెండు ప్రశ్నల మీద యూరప్‌లో నాలుగున్నర శతాబ్దాలుగా రాతలున్నాయి. ఆఫ్రికా అనుభవం మీద మానవశాస్త్రవేత్తలు రాసినవి, తప్పుడు ఒప్పుకోళ్ల మీద మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాలు ఉన్నాయి. వాటిని జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో నడిచే నమ్మకం పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఒప్పుకోలు అడిగేవాళ్ల అవసరాన్ని బయటపెట్టినంతగా, అడిగించుకున్న మనిషి చేసిన పని గురించి ఏమీ చెప్పదు.

మందుగా అడిగే ఒప్పుకోలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కువ భాగం 2016 దాకా ఒకే వరంగల్ జిల్లా. ఘన్‌పూర్ వైపు పత్తి, వరి పండే మైదానపు ఊళ్లు, మానుకోట (మహబూబాబాద్) వైపు లంబాడా తండాలు, భూపాలపల్లి అడవుల్లో కోయ గూడేలు. మాటలూ దేవుళ్లూ వేరైనా, జబ్బుకు కారణం వెతికే దారి మాత్రం చాలావరకు ఒకటే. జ్వరం వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది. తగ్గకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. అక్కడ పరీక్షల్లో ఏమీ తేలకపోతే, "రిపోర్టులల్ల ఏం లేదన్నరు" అన్న మాట ఊరట కావాల్సింది పోయి భయమవుతుంది. డాక్టరుకు దొరకని జబ్బు అంటే ఎవరో చేసిందే అయి ఉండాలి. అప్పుడు సోది చెప్పే ఎరుకలసాని దగ్గరికో, పూనకం వచ్చే శివసత్తి దగ్గరికో, మంత్రగాడి దగ్గరికో పోతారు. "దగ్గరోళ్లే చేసిండ్రు", "తూర్పు దిక్కు ఇంటోళ్లు" అని సైగ దొరుకుతుంది. పేరు పెట్టేది ఇంటివాళ్లే. పొలం గెట్టు తగాదా, బోరు నీళ్ల గొడవ, తీరని అప్పు ఎవరితో ఉంటే ఆ పేరే ముందుకొస్తుంది.

ఆ తరువాత మొదలయ్యే విచారణ వెనక ఒక తర్కం ఉంది: చేసినోడే తీయాలె. పెట్టుడు మందు పెట్టారనుకుంటే దాన్ని కక్కించాలి. బాణామతి అనుకుంటే చేసినవాడే విడిపించాలి. చేసినట్టు ఒప్పుకోనివాడు విడిపించడు కాబట్టి, ఒప్పుకోలు ఇక్కడ వైద్యంలో మొదటి మెట్టు. మంచంలో బిడ్డను పెట్టుకున్న తల్లికి ఎదుటి మనిషిని జైలుకు పంపాలనో చంపాలనో మొదట ఉండదు. ఆమెకు కావాల్సింది బిడ్డ లేచి కూర్చోవడం.

ఇలాంటి వైద్యపు ఒప్పుకోలును ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచార్డ్ మధ్య ఆఫ్రికాలోని అజాండె ప్రజల్లో చూసి 1937లో పుస్తకంగా రాశాడు. అక్కడ జబ్బుకు ఫలానావాడు కారణమని కోడిపిల్లకు విషం పెట్టి తేల్చుకునేవారు. ఆ కోడి రెక్కను తీసుకెళ్లి అనుమానితుడి ముందు పెడితే, అతను నోట్లో నీళ్లు పోసుకుని దాని మీద ఊదేవాడు. తనలో అలాంటి శక్తి ఉన్నట్టు తనకే తెలియదని, ఉంటే అది చల్లారాలని చెప్పేవాడు. దానితో చాలావరకు గొడవ సద్దుమణిగేది. ఒప్పుకున్నట్టూ అయ్యేది, ఒప్పుకోనట్టూ ఉండేది. ఇద్దరి పరువూ నిలిచేది.

మన పంచాయితీల్లో ఆ సందు లేదు. తెలిసే చేశాడని, పగతోనే చేశాడని ముందే అనుకుంటారు. పైగా ఒప్పుకోలు నిజమా కాదా అని తేల్చేది రోగి జ్వరం. జ్వరం దిగితే "చూసిండ్రా, ఒప్పుకున్నంక తగ్గింది" అంటారు. దిగకపోతే పూర్తిగా తీయలేదని, ఇంకా దాస్తున్నాడని మళ్లీ అడుగుతారు. ఈసారి దెబ్బలు ఎక్కువ. మంత్రం పలకకుండా పళ్లు పీకడం, మలం తినిపించడం, గుండు గీయడం వంటి పనులకు తెలంగాణ పల్లెలు దిగింది ఈ రెండో, మూడో విడతలోనే. టైఫాయిడ్‌కో మూర్ఛకో మందు వేయకుండా ఒప్పుకోలు మీద ఆధారపడితే జబ్బు తగ్గదు. కాబట్టి విచారణ కూడా ఆగదు. వైద్యంగా మొదలైంది హత్యగా ముగియడానికి ఇదే ముఖ్యమైన కారణం.

రుజువుగా అడిగిన ఒప్పుకోలు

యూరప్‌లో కథ వేరుగా మొదలైంది. అక్కడ 15 నుంచి 18వ శతాబ్దం దాకా మంత్రగత్తెలన్న పేరుతో దాదాపు 40,000 నుంచి 50,000 మందిని చంపారు. వారిలో నాలుగింట మూడొంతులకు పైగా ఆడవాళ్లు. ఎక్కువ మంది చనిపోయింది మూకల చేతుల్లో కాదు, కోర్టు తీర్పులతో. మరణశిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులైనా ఉండాలి, నిందితుడి ఒప్పుకోలైనా ఉండాలి అన్నది జర్మన్ రాజ్యాల్లో 1532లో అమల్లోకి వచ్చిన కరోలినా శిక్షాస్మృతి నియమం. రాత్రిపూట సైతానుతో కలిసిందన్న నేరానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? మిగిలింది ఒప్పుకోలు ఒక్కటే. దాన్ని రాబట్టడానికి హింసను చట్టమే అనుమతించింది. హింసలో చెప్పింది తరువాత నిందితుడు స్వేచ్ఛగా మళ్లీ చెప్పాలని కూడా రాసుకున్నారు. కాదంటే మళ్లీ హింసించే వీలూ ఉంచుకున్నారు.

ఆ యంత్రం లోపలి నుంచి వచ్చిన సాక్ష్యాల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది బాంబెర్గ్ నగర పాలకుల్లో ఒకరైన యోహానెస్ యూనియస్ 1628లో జైలు నుంచి కూతురికి దొంగచాటుగా పంపిన ఉత్తరం. తాను నిర్దోషినని, ఏదో ఒకటి కల్పించి చెప్పమని తలారే బతిమాలాడని, నొప్పి భరించలేక కల్పించానని అందులో రాశాడు. రెండోది ఫ్రీడ్రిష్ ష్పీ అనే జెసూయిట్ పాదిరి 1631లో పేరు లేకుండా అచ్చువేయించిన పుస్తకం. మరణశిక్ష పడినవారి చివరి పాపనివేదనలు విన్నవాడతను. వారిలో నిజంగా దోషి అనదగ్గవాళ్లు తనకు కనబడలేదని, మిగతా జనం మంత్రగాళ్లుగా తేలకపోవడానికి వాళ్లను ఇంకా హింసించకపోవడమే కారణమని అతని వాదన.

ఇంగ్లండులో హింసకు చట్టం ఒప్పుకోలేదు. అయినా 1645 నుంచి 1647 దాకా మాథ్యూ హాప్కిన్స్ మనుషులను నిద్రపోనివ్వకుండా రాత్రింబవళ్లు కాపలా కాసి, నడిపించి ఒప్పించాడు. ఒంటి మీద దెబ్బ లేదు కాబట్టి ఆ ఒప్పుకోలు స్వచ్ఛందమైనదని కోర్టులు నమ్మాయి. నిద్ర లేని మనిషి ఏది కలో ఏది నిజమో తేల్చుకోలేడని ఇప్పుడు మనకు తెలుసు.

పేర్ల కోసం, పెద్దరికం కోసం

ఒప్పుకోలుకు మూడో వాడకం గొలుసు కట్టడం. యూనియస్‌ను ఒప్పుకోగానే వదిలిపెట్టలేదు. ఇంకెవరున్నారో చెప్పమని వీధుల పేర్లు ఒక్కొక్కటే ఎత్తుతూ అడిగారు. 1692లో అమెరికాలోని సేలంలో మొదట ఒప్పుకున్న తిటూబా అనే బానిస స్త్రీ ఇంకా కొందరున్నారని చెప్పాకే కేసు ఊరు దాటి పాకింది. తన యజమాని కొట్టి అలా చెప్పించాడని ఆమె తరువాత చెప్పినట్టు సమకాలికుడొకడు రాశాడు.

గొలుసును తెంపినవాడి కథ కూడా ఉంది. స్పెయిన్ మతవిచారణ సంస్థలో న్యాయాధికారి సలాజర్ 1611లో బాస్క్ ప్రాంతానికి వెళ్లి, క్షమాభిక్ష ప్రకటించి ఒప్పుకోళ్లు తీసుకున్నాడు. 1,802 మంది వచ్చారు. అందులో 1,384 మంది పిల్లలు. చెప్పినవన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చి, చెప్పిన చోట్లకు వెళ్లి చూసి, ఒక్క రుజువూ దొరకలేదని నివేదిక రాశాడు. మంత్రగత్తెల గురించి మాట్లాడటం, రాయడం మొదలుపెట్టేదాకా అక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బాధితులూ లేరు అన్నది అతని ముగింపు. 1614లో అతని పై సంస్థ ఆ మాటను దాదాపుగా ఒప్పుకుని నియమాలు మార్చింది. స్పెయిన్‌లో ఆ సంస్థ చేతుల్లో ఇలాంటి మరణశిక్షలు ఆ తరువాత దాదాపు ఆగిపోయాయి.

మన దగ్గర బాణామతి అలజడి కూడా మాట మీదే పాకింది. మెదక్ జిల్లాలో 1980ల మొదట్లో ఇళ్ల మీద రాళ్లు పడుతున్నాయని, బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయని, ఆడవాళ్లకు ఫిట్స్ వస్తున్నాయని ఊరి నుంచి ఊరికి పాకింది. ఫిట్స్‌లో ఉన్న మనిషిని "ఎవరు చేసిండ్రో చెప్పు" అని చుట్టూ మూగి అడిగితే పేరు వస్తుంది. ఆ పేరున్న మనిషిని ఒప్పుకోమంటారు. కర్ణాటకలో బాణామతిని అధ్యయనం చేసిన నిమ్హాన్స్ మానసిక వైద్యుడు సి.ఆర్. చంద్రశేఖర్ వంటివాళ్లు దీన్ని నోరెత్తలేని ఆడవాళ్ల మనోవ్యథగా, చూసి అంటుకునే ఉన్మాదంగా వివరించారు.

నాలుగో వాడకం పెద్దరికం. 2023లో ములుగు జిల్లాలో కులపెద్దలు ఒక వ్యక్తిని వివాహేతర సంబంధం ఆరోపణ మీద నిప్పుల్లో కాలిన గడ్డపారను చేత్తో తీయించారు. ఇది చేతబడి కేసు కాదు గానీ ఒప్పుకోలు స్వభావం ఇందులో బాగా బయటపడుతుంది. అతను తీశాడు. చెయ్యి కాలలేదు. వాళ్లు పెట్టిన పరీక్షలోనే నెగ్గినా, తప్పు ఒప్పుకోమని ఒత్తిడి చేయడం ఆపలేదు. చివరకు అతని భార్య పోలీసులను ఆశ్రయించింది. పరీక్షలో నెగ్గినవాడిని వదిలేస్తే పంచాయితీ తప్పు చేసినట్టవుతుంది. ఒప్పుకుంటే పంచాయితీ గెలిచినట్టు. గుళ్లో ప్రమాణం, దీపం ఆర్పడం, దండుగ కట్టించడం అన్నీ ఈ పెద్దరికానికి ముద్రలే. ఒప్పుకోలు అందులో రాజముద్ర.

ఇచ్చేవాళ్లు ఎందుకిస్తారు

నొప్పి అన్న జవాబు నిజమే గానీ పూర్తి జవాబు కాదు. సేలంలో 19 మందిని ఉరితీశారు, నేరం ఒప్పుకుంటావా లేదా అన్న ప్రశ్నకే జవాబు చెప్పని ఒక ముసలాయనను బండరాళ్ల బరువుతో చంపారు. యాభై మందికి పైగా ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఆ మాట మీద నిలబడినవాళ్లలో ఒక్కరినీ ఉరితీయలేదు. ఒప్పుకుని వెనక్కి తీసుకున్నవాడిని మాత్రం ఉరితీశారు. ఈ లెక్క అర్థమైన మనిషి ఒప్పుకోవడంలో వెర్రితనం లేదు. అబద్ధం చెప్తే ప్రాణం దక్కుతుంది, నిజం చెప్తే పోతుంది.

తెలంగాణ పల్లెలో లెక్క దీనికంటే ఘోరం. "ఒప్పుకుంటె ఇడిచిపెడ్తం" అని ఆశ చూపుతారు. ఆ మాటకు పూచీ పడే అధికారం మూకలో ఎవరికీ ఉండదు. ఒప్పుకున్న క్షణం దాకా ఒక కుటుంబపు అనుమానంగా ఉన్నది, ఆ తరువాత ఊరందరి నిజమవుతుంది. నిరుడు చచ్చిన బర్రె, మొన్న కుంగిన బావి గోడ, పిల్లలు పుట్టని కోడలు అన్నీ అతని లెక్కలోకే వస్తాయి. బతకడానికి తెరిచారనుకున్న తలుపు చావు వైపు తెరుచుకుంటుంది.

ఎవరూ కొట్టకుండా ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. యోహాన్ వేయర్ అనే వైద్యుడు 1563లోనే ఇలాంటివాళ్లలో చాలామంది దిగులు జబ్బుతో ఉన్న ముసలివాళ్లని రాశాడు. నాలుగు శతాబ్దాల తరువాత 1960లో అచ్చయిన పుస్తకంలో మానసిక వైద్యురాలు మార్గరెట్ ఫీల్డ్ అదే మాట ఘానా నుంచి చెప్పింది. అక్కడి గ్రామదేవతల గుళ్లకు తమంతట తామే వచ్చి, పిల్లల్ని మంత్రంతో చంపుకున్నామని చెప్పుకున్న ఆడవాళ్లలో చాలామంది తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నారని గుర్తించింది. బిడ్డ పోయిన తల్లిలోని "నావల్లనే" అనే బాధకు, ఊరి నమ్మకం ఒక రూపం ఇచ్చింది.

ఇంకో రకం మనిషి కథ చెప్పి బతుకుతాడు. అమెరికా జూని తెగలో మంత్రం వేశాడన్న నిందపడిన ఒక కుర్రవాడు మొదట కాదన్నాడు. ఎవరూ నమ్మలేదు. తరువాత తనకు ఆ విద్య ఎలా వచ్చిందో అల్లి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ విచారించేవాళ్ల ముఖాలు తేటపడ్డాయి. చివరకు వదిలేశారు. ఈ సంఘటన మీద క్లాడ్ లెవీ స్ట్రాస్ 1949లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. విచారించేవాళ్లకు శిక్ష కంటే తమ లోకం తాము నమ్మినట్టే ఉందన్న భరోసా ముఖ్యమని, ఆ భరోసాను ఆ కుర్రవాడు అందించాడని అతని వివరణ. మన ఊళ్లలో తనకు మంత్రాలొచ్చని నలుగురూ అనుకోవడం కొందరికి కొంతకాలం లాభసాటే. బాకీ వసూలవుతుంది, పొలం జోలికి ఎవరూ రారు. ఆ పేరే ఒక రోజు మెడకు చుట్టుకుంటుంది.

మనస్తత్వశాస్త్రం ఈ రకాలకు 1985లో ఒక వర్గీకరణ ఇచ్చింది. సాల్ కాసిన్, లారెన్స్ రైట్స్‌మన్ తప్పుడు ఒప్పుకోళ్లను మూడుగా విడదీశారు: అడగకుండా ఇచ్చేవి, ఒత్తిడికి లొంగి ఇచ్చేవి, అడగ్గా అడగ్గా తానే చేశానని నమ్మి ఇచ్చేవి. మూడోది విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. 1996లో కాసిన్ మరో పరిశోధకురాలితో కలిసి చేసిన ప్రయోగంలో, కంప్యూటర్‌లో ముట్టుకోవద్దన్న మీట నొక్కావంటూ విద్యార్థుల మీద నింద వేశారు. ఎవరూ నొక్కలేదు. అయినా 69 శాతం ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేశారు. 28 శాతం నిజంగానే నొక్కామని నమ్మారు. 9 శాతం ఎలా నొక్కామో వివరాలు కూడా కల్పించుకున్నారు. అక్కడ కర్ర లేదు, చెట్టు లేదు, చుట్టూ మూగిన ఊరు లేదు. మరి అవన్నీ ఉన్న చోట "ఒప్పుకున్నాడు కదా" అన్న మాటకు విలువ ఎంత?

చంపినవాడి ఒప్పుకోలు, చట్టం

ఈ కేసుల్లో ఇంకో ఒప్పుకోలు కూడా ఉంటుంది. చేతబడి అనుమానంతో చంపినవాడు కొన్నిసార్లు తనంతట తానే ఠాణాకు వచ్చి "నేనే సంపిన" అంటాడు. ఊరికి మేలే చేశానన్న నమ్మకం ఉన్నవాడికి దాచాలని అనిపించదు. చట్టం దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. బలవంతంగా పలికించిన ఒప్పుకోలును ఊరు నమ్మి మనిషిని చంపుతుంది. చంపినవాడు పోలీసులకు ఇష్టపూర్వకంగా చెప్పిన దాన్ని కోర్టు అతని మీద సాక్ష్యంగా తీసుకోదు.

కోర్టు జాగ్రత్తకు చరిత్ర ఉంది. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో హింసపై వేసిన సంఘం నివేదిక ఇచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ కింది ఉద్యోగులు వేళ్లను చెక్కల మధ్య బిగించేవారని, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచేవారని ఆ సంఘం తేల్చింది. కొద్ది ఏళ్లకే, 1861లో, పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదన్న నియమం వచ్చింది. అది 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా నిలిచింది. బెదిరించో ఆశపెట్టో తీసుకున్న ఒప్పుకోలు పనికిరాదన్నది 22వ సెక్షన్.

ఒప్పుకోలు కోసం గాయపరచడాన్ని చట్టం వేరే నేరంగానే చూస్తుంది. పాత శిక్షాస్మృతిలో 330, 331 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షన్. మామూలు గాయానికి ఏడేళ్ల దాకా, తీవ్ర గాయానికి పదేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్ పోలీసులకే పరిమితం కాదు, ఎవరు చేసినా వర్తిస్తుంది. నేరమే కాక, చెడు ప్రవర్తనను ఒప్పించడానికి కొట్టినా అందులోకి వస్తుంది. అంటే "చేతబడి చేసినవా లేదా" అని చెట్టుకు కట్టి, కొట్టి అడిగిన పంచాయితీ ఆ క్షణంలోనే, ఎవరి ప్రాణం పోకముందే, ఏడేళ్ల జైలుకు తగిన నేరం చేసింది.

చేతబడి నిందల మీద ప్రత్యేక చట్టం బిహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో వచ్చింది. ఒడిశా, మహారాష్ట్ర 2013లో, రాజస్థాన్, అస్సాం 2015లో, కర్ణాటక 2017లో చేసుకున్నాయి. తెలంగాణకు అలాంటి చట్టం లేదు. చట్టం ఒక్కటే చాలదన్నదీ నిజమే. జార్ఖండ్‌లో ఒక మనిషికి మంత్రగత్తె అని పేరు పెట్టడానికి శిక్ష మూడు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో మంత్రాల నెపంతో జరిగిన హత్యలు 2022లో దేశమంతటా 85. చావు దాకా పోని దెబ్బలు, ఊరి వెలివేతలు ఆ లెక్కలోకి రావు.

తెలంగాణలో ఈ మధ్య జరిగిన ఘటనలను పక్కపక్కన పెడితే ఒక పోలిక ఉంది. 2022 జనవరిలో జగిత్యాలలో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపింది కుల సంఘం సమావేశం జరుగుతున్న చోటే. 2023లో సంగారెడ్డి జిల్లా కోల్కూరులో భార్యాభర్తలను చెట్టుకు వేలాడదీసి కొట్టింది పట్టపగలు, నలుగురి మధ్యే. ఇవి చీకట్లో జరిగిన నేరాలు కావు. పిలిచి, కూర్చోబెట్టి, అడిగి చేసినవి. ఆపడానికి ఊరికి సమయం ఉంది.

ఏం చేయాలి

పోలీసు కళాబృందాలు, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊళ్లలో మంత్రాల గుట్టు విప్పి చూపిస్తున్నాయి. మంచి పనే. కానీ మంత్రాలు లేవని నమ్మించడానికి తరాలు పట్టొచ్చు. కొట్టి ఒప్పుకోలు అడగడం నేరమని చెప్పడానికి అంత కాలం అక్కర్లేదు. నమ్మకం ఉన్న మనిషి కూడా జైలు పేరు చెప్తే ఆగుతాడు. ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద 120వ సెక్షన్ గురించి రెండు వాక్యాలు రాయించాలి. ఆశా కార్యకర్తలు "రిపోర్టులల్ల ఏం లేదన్నరు" అన్న ఇంటికి రెండోసారి వెళ్లి, ఆ మాటకు అర్థం చెప్పాలి, మానసిక వైద్యుడి దగ్గరికి దారి చూపాలి. ప్రత్యేక చట్టం రాస్తే, పంచాయితీలో తీసుకున్న ఒప్పుకోలును దాన్ని తీసుకున్నవాళ్లపైనే సాక్ష్యంగా చూడాలని అందులో స్పష్టంగా ఉండాలి.

ఇన్ని శతాబ్దాల రికార్డు చూశాక చెప్పదగ్గ తీర్పు ఇదే: చేతబడి విచారణలో ఒప్పుకోలు దొరికిందంటే అక్కడ నేరం జరిగినట్టే, కానీ నేరం చేసింది అడిగినవాళ్లు. కాబట్టి సర్పంచ్, వార్డు సభ్యుడు, టీచర్, పొరుగింటివాడు ఎవరైనా సరే, మీ ఊళ్లో ఒక మనిషిని నిలబెట్టి "ఒప్పుకో" అనడం వినగానే 112కు ఫోన్ చేయండి. ఆ మనిషి ఏం జవాబు చెప్తాడో వినడానికి ఆగకండి.